పన్నెండు రోజుల గొంతు

మా అక్క పోయాక కూడా పంతొమ్మిదేళ్లపాటు రోజూ పొద్దున ఆరున్నరకి రేడియోలో ఊరందరికీ టైం చెప్పింది. వాన పడుతుందో లేదో చెప్పింది. ఏ వీధికి నీళ్లు రావో, ఏ బస్సు మానేశారో చెప్పింది. ఆఖర్న, ముందురోజు కాలం చేసినవాళ్ల పేర్లు చదివింది. చెప్పించింది మా బావ. కత్తిరించి, అతికించి, ఆవిడ నోట్లో మాటలు పెట్టింది నేను. దెయ్యాల కథ అనుకునేరు, అదేం కాదు. దెయ్యమైతే నయమే, ఎవరో ఒకర్ని పిలిచి వదిలించుకునేవాళ్లం.

బావ గురించి చెప్పాలంటే ఆయన మొదటి షాపు దగ్గర మొదలుపెట్టాలి. ఎంత ఇరుకు షాపంటే, కొనేవాడు లోపలికి వస్తే అమ్మేవాడు బయటికి రావాలి. అందులో రెండు టేప్ రికార్డర్లు పెట్టుకుని, అడిగినవాళ్లకి అడిగిన పాటలు కేసెట్ల మీదకి ఎక్కించి ఇచ్చేవాడు. అంతటితో ఊరుకుంటే ఆయన బావ ఎందుకవుతాడు? ప్రతి కేసెట్లోనూ మూడో పాట అయ్యాక తన గొంతుతో షాపు పేరు, సందు గుర్తు, తెరిచి ఉండే వేళలు చదివి ఎక్కించేవాడు. జనం ప్రేమ పాటలో మునిగి ఉండగా ఈయనగారు ఊడిపడి, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది అని అరిచేవాడు. అందరూ తిట్టుకున్నారు. షాపు పేరు మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు, వేరే ఏ పనీ దొరక్క, ఆయన పక్కన చేరాను. అప్పటికే ఆయన ఒక పాత వ్యాన్ మీద రెండు మైకులు కట్టి ఊరంతా తిరిగేవాడు. కొత్త బట్టల షాపు, తప్పిపోయిన పిల్లలు, కరెంటు కోత, ఏదైనా సరే అరిచి చెప్పేవాడు. ఊళ్లో ఆయన అసలు పేరు మర్చిపోయి మైకాయన అనేవాళ్లు. ఆయనకి అదేం కోపం తెప్పించలేదు, ఇంటి గేటు మీద కూడా అదే రాయించుకున్నాడు. కాలికి బలపం కట్టుకుని ఆఫీసుల చుట్టూ నాలుగేళ్లు తిరిగి, ఆఖరికి చిన్న రేడియో స్టేషన్‌కి అనుమతి తెచ్చుకున్నాడు. మేం కింద ఉండేవాళ్లం, స్టేషన్ పైన. అలా ఇల్లే వ్యాపారం, వ్యాపారమే ఇల్లు అయింది.

పైన మూడు గదులు. ఒకటి చదివే గది, ఒకటి నాది, మధ్యలో అద్దం. మూడోదాని నిండా టేపులు. చదివే గది గోడలకి పాత దుప్పట్లు మేకులతో కొట్టి, వాటి మీద గుడ్ల అట్టలు అతికించాం. చదివేటప్పుడు ఫ్యాన్ ఆపేయాలి, కిటికీలు మూసేయాలి. ఎండాకాలంలో చదివి బయటికి వచ్చినవాళ్ల వాలకం చూస్తే ఏటిలో పడి లేచారనుకోవాలి. నా గదిలో పెద్ద చక్రాల టేపు యంత్రం, ఎర్ర పెన్సిలు, బ్లేడు, అతికించే సన్న పట్టీ. అక్కర్లేని మాట ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, టేపు మీద ఎర్ర గీత పెట్టి, బ్లేడుతో కోసి, రెండు కొసలూ కలపడం నా పని. దగ్గులు, తడబాట్లు, అనవసరమైన మర్యాదలు అన్నీ కోసేసేవాణ్ణి. మంచి అతుకంటే వినేవాడికి తెలియకూడదు. నా అతుకులు తెలిసేవి కావు, గొప్ప చెప్పుకోవడం కాదు.

బావకి ప్రపంచంలో ఒకే ఒక్క భయం ఉండేది, చప్పుడు లేకపోవడం. రేడియోలో మూడు సెకన్లు నిశ్శబ్దం ఉంటే వినేవాడి చెయ్యి మీట మీదకి పోతుందని, అక్కణ్ణించి వాడు మనవాడు కాడని రోజుకి పదిసార్లు అనేవాడు. ఇంట్లో కూడా అంతే. అన్నం తింటూ ఎవరూ మాట్లాడకపోతే ఆయనే ఏదో ఒకటి మొదలుపెట్టేవాడు. ఒక్కోసారి ఏమీ తోచక ఆ పూట పప్పు గురించి వార్తలు చదివినట్టు చదివేవాడు. అక్క నవ్వేది కాదు, నాకు ఇంకో గరిటె వడ్డించేది. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి అని బంధువులంతా అనేవాళ్లు.

ఆ మనిషి రేడియోలో చదవడం ఎలా మొదలైందంటే, మాకు కుదిరిన చదివే ఆవిడ ఒకరోజు బావ మీద అలిగి మధ్యలో లేచిపోయింది. ఆరున్నరకి ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. బావ మెట్ల మీద నిలబడి కిందికి అరిచాడు. వంటింట్లోంచి అక్క వచ్చి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, కాగితం తీసుకుని కూర్చుంది. అద్దం ఇవతల నేను వింటున్నాను. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్న గొంతే. కాని ఆ గదిలోంచి వచ్చేసరికి, ఎవరో మన పక్కన కూర్చుని మనకొక్కళ్లకే చెబుతున్నట్టు ఉంది. ఆ రోజు నుంచి పదమూడేళ్లు మరొకరు ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. కాలం చేసినవాళ్ల పేర్లు చదివేటప్పుడు, ప్రతి పేరు తర్వాతా ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆగేది. బావ చేతిలో సెకన్లు కొలిచే గడియారం ఉండేది. ఆరు పేర్లుంటే ఆరుసార్లు ఆగుతున్నావు, అంతలో ఒక ప్రకటన పడుతుంది అని గోల పెట్టేవాడు. ఆవిడ సరే అనేది, మర్నాడు మళ్లీ ఆగేది. ఇలా కొన్నాళ్లు సాగాక, ఒక టైలరు పని కట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. వాళ్ల నాన్న పేరు ఆవిడ చదివి ఆగినప్పుడే ఇంటిల్లిపాదీ మొదటిసారి గట్టిగా ఏడ్చామని, అంతవరకు పనుల హడావిడిలో ఎవరికీ ఏడుపు రాలేదని చెప్పి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. బావ గడియారం తీసి సొరుగులో పడేశాడు. ఆ తర్వాత మా స్టేషన్‌లో పేరు చదివితేనే మనిషి పోయినట్టు, లేకపోతే లెక్కలోకి రానట్టు అయిపోయింది ఊళ్లో. చుట్టుపక్కల నుంచి కూడా చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లు. మైకాయన స్టేషన్ నిలబడింది మైకాయన నోటివల్ల కాదు, మా అక్క ఆగడంవల్ల. ఇది బావే ఒప్పుకునేవాడు.

పదమూడో ఏట అక్క గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం, ఎండన్నాం, మూడు నెలలు గోరువెచ్చని నీళ్లతో గడిపాం. ఆఖరికి డాక్టరు చూసి, గొంతులో గడ్డ ఉంది, ఈ వారంలోనే కోయాలి, మాట మిగులుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి అన్నాడు. ఆ గదిలో మేం ముగ్గురం ఉన్నాం. అక్క గోడమీది పటం చూస్తోంది. బావ కాసేపు నీళ్లు నమిలి, పన్నెండు రోజులు టైం ఇవ్వండి అన్నాడు. ఎందుకని డాక్టరు అడిగాడు. ఇంట్లో కొన్ని పనులున్నాయి అన్నాడు బావ.

ఆ పనులేమిటో మర్నాడు తెలిసింది. బావ రాత్రంతా కూర్చుని జాబితా రాశాడు. ఒకటి నుంచి అరవై దాకా అంకెలు. వారాలు, నెలలు. ఊళ్లోని వీధులన్నీ. వాన, ఎండ, మబ్బు, గాలి. తండ్రి, తల్లి, భర్త, భార్య, కొడుకు, కూతురు. కాలం చేశారు. ఆ తర్వాత మనుషుల పేర్లు, ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని ఏరినవి, నాలుగు వందల పైచిలుకు. ఇవన్నీ అక్క చదివి పెడితే, ఆపరేషన్ తర్వాత ఆ గొంతు ఉన్నా లేకపోయినా నేను ముక్కలు కలిపి రోజూ వార్తలు వేయొచ్చని ఆయన పథకం. తెలివితేటలకి లోటు లేదు మరి.

పన్నెండు రోజులూ ఆ బొంగురు గొంతుతోనే పూటకి మూడు గంటలు చదివింది. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి. అద్దం ఇవతల నేను. పేరు చదవడం, ఆగడం, పేరు చదవడం, ఆగడం. బతికున్నవాళ్ల పేర్లన్నీ అలా వరసగా, పోయినవాళ్లని చదివినట్టే చదువుతూ పోయింది. అందులో నా పేరూ ఉంది. బావ పేరూ ఉంది. అవి విన్నప్పుడు నేను అద్దంలోంచి చూశాను, ఆవిడ మాత్రం తల ఎత్తలేదు. ఆవిడ పేరు జాబితాలో లేదు. రాసేటప్పుడు బావకి తోచలేదో, తోచినా చెయ్యి రాలేదో నాకు తెలియదు.

పదమూడో రోజు ఆపరేషన్ అయింది. నాలుగు రోజులకి అక్క పోయింది. గడ్డ అనుకున్నదానికన్నా లోతుగా పాకిందన్నాడు డాక్టరు. ముందే కోసి ఉంటే బతికేదా అని బావ అడిగాడు. డాక్టరు చెప్పలేను అన్నాడు. బతికేది అని ఉంటే బావ ఒకసారి చచ్చి ఊరుకునేవాడు. బతికేది కాదు అని ఉంటే ఏడ్చి తేరుకునేవాడు. చెప్పలేను అనేసరికి ఆ మాట ఆయన చెవిలో జోరీగలా ఉండిపోయింది.

నాకు ముక్కు మీద కోపం. బంధువులందరి ముందూ నిలబడి, పన్నెండు రోజులు ఆశపడి మా అక్కని చంపుకున్నావు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. మాట లేకుండా ఉండలేని మనిషి, ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రందాకా నోరు విప్పలేదు. వాళ్ల అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు, మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది.

అంతా అయిపోయాక అక్క పేరు రేడియోలో చదవాలి కదా. చదివేది ఆవిడే. ముక్కలు ఉన్నాయి, పేరు లేదు. వేరే ఎవరైనా చదవచ్చు కదా అని నేనన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. అలా ఆ రోజు దాటిపోయింది. ఆ వారం దాటిపోయింది. పొద్దున ఆరున్నరకి అక్క గొంతే టైం చెబుతోంది, కొత్తగా పోయినవాళ్ల పేర్లు చదువుతోంది. ఊళ్లో చావులన్నీ చెప్పిన మా స్టేషన్, ఈ ఒక్క చావు మాత్రం చెప్పలేదు. దగ్గరివాళ్లకి తెలుసు, తెలిసి ఊరుకున్నారు. దూరంగా ఉండేవాళ్లకి ఆవిడ బతికే ఉంది.

కంప్యూటర్లు వచ్చాయి, ముక్కలన్నీ వాటిలోకి ఎక్కించాను. పాత యంత్రాన్ని మాత్రం బావ అమ్మనివ్వలేదు. కొత్త వీధులు పుట్టాయి, పిల్లలకి కొత్తకొత్త పేర్లు పెట్టారు, ఆ పిల్లలూ పెద్దవాళ్లై వాళ్లలోనూ కొందరు పోయారు. అలాంటి పేరు వస్తే నా తల ప్రాణం తోకకి వచ్చేది. ఒక పేరులోంచి తల, ఇంకో పేరులోంచి తోక తెచ్చి కలిపేవాణ్ణి. గొంతు కాస్త తూలినట్టు ఉండేది. అమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్లు. బావ ఫోన్ అందుకుని, కొంచెం జలుబండీ అనేవాడు.

మా మేనకోడలు చదువు అయ్యాక స్టేషన్ పని చేతుల్లోకి తీసుకుంది. పాటలు, ఫోన్ కార్యక్రమాలు, ప్రకటనలు అన్నీ దానివే. ముప్ఫై ఏళ్ల మనిషి, బాగా చదువుతుంది. పొద్దున ఆరున్నర మాత్రం దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు బావ. అడిగితే, అది మీ అమ్మది అనేవాడు. తల్లి ఇంట్లోనే ఉండి ఎవరితోనూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అలా పెరిగింది ఆ పిల్ల. పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటూ అమ్మ గొంతు వినేది. ఆ గొంతు దాన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవదు. పిల్ల పేరు కూడా ఆ టేపుల్లో లేదు, జాబితాలో పిల్లల పేర్లు రాయలేదు బావ. ఒకసారి చిన్నప్పుడు నా గదికి వచ్చి, మామయ్యా, అమ్మ చేత నన్ను పిలిపించగలవా అని అడిగింది. చేయగలను. చేయలేదు. దాన్ని దగ్గరికి తీసుకుని, వద్దమ్మా అన్నాను. ఆ పని ఒక్కటైనా చేయనందుకు నాకిప్పటికీ సంతోషమే.

మొన్న ఎండాకాలంలో ఒక ముసలావిడ వచ్చింది. ఊరికి దూరంగా ఎక్కడో ఉంటుందట, బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వచ్చింది. చేతిలో సంచి, అందులో తను అల్లిన ఊలు శాలువా. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే ఆ తల్లి గొంతు వింటున్నాను, ఇక నాకు కళ్లు కనపడటం తగ్గిపోతోంది, పోయేలోపు ఒకసారి మనిషిని చూడాలి అంది. గుమ్మంలో బావ కూర్చుని ఉన్నాడు. నేను మెట్ల మీద, మా మేనకోడలు వాకిట్లో. బావ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పడుకుందమ్మా. లేపితే చిరాకు పడుతుంది," అన్నాడు.

పోనీలే బాబూ, లేపకండి, రోజూ తెల్లారే లేవాలి కదా పాపం అంది ఆ ముసలావిడ. శాలువా ఆయన ఒళ్లో పెట్టి, మూసి ఉన్న గది తలుపు వైపు తిరిగి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మా మేనకోడలు వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, రేపు పొద్దున నేను చదువుతాను. అమ్మ పోయిందని చెబుతాను. ఒప్పుకోకపోతే ఇక ఈ మెట్లు ఎక్కను," అంది.

అది బెదిరింపు కాదు, చెప్పిందంటే చేసే పిల్ల. రెండు రోజులు తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. అది పైకి రాలేదు, నేనే ఎలాగో పాటలు వేసుకుంటూ నెట్టుకొచ్చాను. స్టేషన్ మూతపడుతుందని నాకు బెంగ పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం బావ దగ్గర కూర్చుని, దాని మాట విను, పంతొమ్మిదేళ్లు చాలు అన్నాను. ఆయన శాలువా అంచు వేళ్లతో తడుముతూ అన్నాడు.

"ఆ గొంతు ఆపేస్తే, ఆ పన్నెండు రోజులూ దండగైపోతాయిరా. దేనికోసం ఆపరేషన్ ఆపానో అదే లేకపోతే, నేను ఊరికే చంపుకున్నట్టే కదా. నువ్వన్నదే."

నేనన్నదే. పంతొమ్మిదేళ్ల కిందట నేను నోరు జారిన మాటని ఆయన రోజూ తీసి చూసుకుంటున్నాడు. ఆ మాట అబద్ధమని నాకు అన్న రోజే తెలుసు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చదివిన తొమ్మిదో రోజున బావ ఏదో పని మీద కిందికి దిగాడు. అక్క నీళ్లు తాగుతోంది. నేను యంత్రం ఆపలేదు, టేపు తిరుగుతూనే ఉంది. ఎందుకే ఈ చాకిరీ, ఆయనకి ఎదురు చెప్పొచ్చు కదా అన్నాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి మాట్లాడింది. ఆ ముక్కని ఆ సాయంత్రమే జాబితా టేపులోంచి కోసి తీసి, చిన్న చక్రానికి చుట్టి, కిందికి తీసుకెళ్లి నా బట్టల కింద పెట్టాను. అప్పుడు ఎందుకు పెట్టానంటే అక్క మాటలు కాబట్టి. తర్వాత ఎందుకు బయటికి తీయలేదంటే, మొదట కోపం. ఆయన కుమిలిపోవాలనే నేను కోరుకున్నాను. ఏడాదికో రెండేళ్లకో కోపం చల్లారింది. అప్పటికి ఆలస్యమైంది, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి? ఇవాళ రేపు అనుకుంటూ ఉండిపోయాను. అందులో ఒక మాట ఆయన్ని బాధపెడుతుంది, వినకపోవడమే మంచిది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. పిరికివాడికి సాకులకి కరువా?

బావ ఆ మాటన్న మర్నాడు ఆ చక్రం తెచ్చి పాత యంత్రానికి ఎక్కించాను. బావని చెయ్యి పట్టి మెట్లెక్కించి నా కుర్చీలో కూర్చోబెట్టాను. అక్క గొంతు వచ్చింది. బొంగురుపోయిన గొంతు, మధ్యమధ్యలో నీళ్లు మింగిన చప్పుడు.

"ఆయన అడక్కపోతే ఆ డాక్టర్ని నేనే అడిగేదాన్నిరా. గొంతు పోయాక ఈ ఇంట్లో నేను ఏ మూల కూర్చోవాలో నాకు తెలీదు. రేపు నాకేదన్నా అయితే ఆయన బలవంతపెట్టాడని ఎవరూ అనకండి. నువ్వసలు అనకు, నీకు నోరెక్కువ. ఇంకోటి, నా పేరు మాత్రం నా చేత చదివించొద్దు. అమ్మాయి చదువుతుంది, పెద్దదయ్యాక."

టేపు అయిపోయి చక్రం ఉత్తినే తిరుగుతోంది. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏడుస్తాడనుకున్నాను, నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి నా భుజం తట్టాడు.

"బాగా చేశావురా. అతుకు ఎక్కడా తెలియట్లేదు. నా కోసం ఎన్నాళ్లు కష్టపడ్డావో," అన్నాడు.

అతికించింది కాదు బావా, నిజంగా అక్కే అంది అన్నాను. టేపు తీసి చేతికిచ్చి, వేళ్లతో తడిమి చూడు, ఎక్కడా పట్టీ లేదు అన్నాను. ఆయన నవ్వాడు. అతికించాక దాన్ని కొత్త టేపు మీదకి ఎక్కిస్తే పట్టీ ఎక్కడ ఉంటుందిరా, ఆ ఉపాయం నీకు నేర్పిందే నేను అన్నాడు. అమ్మాయి పేరెత్తకుండా అమ్మాయి అని ఎందుకందో కూడా తనే చెప్పేశాడు, పిల్ల పేరు నీ దగ్గర ముక్కల్లో లేదు కదా, అతికిస్తే గొంతు తూలి దొరికిపోతావు అన్నాడు. నేను ఒట్టు పెట్టాను. ఆయన నా ఒట్టుని కూడా నా అతుకుల్లో ఒకటిగానే విన్నాడు. మా అక్క ఎన్నడూ అనని మాటలు పంతొమ్మిదేళ్లు ఆవిడ చేత అనిపించినవాణ్ణి, నిజంగా అన్న నాలుగు మాటలు తెస్తే ఎవడు నమ్ముతాడు? తప్పు ఆయనది కాదు.

అయినా ఆయనకి అది నచ్చింది. మర్నాడు మళ్లీ వినిపించమన్నాడు. ఆ మర్నాడూ. అబద్ధమైనా వినడానికి బాగుందిరా అనేవాడు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక చెయ్యి పట్టుకుని మెట్లెక్కి రావడం, కళ్లు మూసుకుని వినడం, నన్ను మెచ్చుకుని దిగిపోవడం. పొగిడినకొద్దీ నాకు నిప్పుల మీద కూర్చున్నట్టు ఉండేది.

ఎనిమిదో రోజు విన్నాక యంత్రం వైపు వేలు చూపించాడు.

"ఒరే, అంతా బాగుంది గాని, ఏ మూల కూర్చోవాలో తెలీదు అన్న ముక్క తీసెయ్. మీ అక్క అలా అనదు. ఈ ఇంట్లో చోటు లేదని నేనెప్పుడైనా అనిపించానా? ఆ ఒక్కటీ కోసెయ్," అన్నాడు.

ఎర్ర పెన్సిలు అక్కడే ఉంది. బ్లేడు ఉంది. ఆయన అడిగితే నేను కోయనిది ఇన్నేళ్లలో ఏదీ లేదు. దగ్గులు కోశాను, ఏడుపులు కోశాను, ఒకసారి ఒక పెద్దమనిషి క్షమాపణ మొత్తం కోశాను.

"కోయను బావా," అన్నాను.

ఒక్క నిమిషం పనే కదా అన్నాడు. కోయను అన్నాను మళ్లీ. బ్లేడు తీసి కిటికీలోంచి బయట పడేశాను. ఆయన నా మొహంకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. యంత్రం ఆగి ఉంది, ఫ్యాన్ ఆగి ఉంది, ఆ గదిలో అంతసేపు మాట లేకపోవడం నేనెప్పుడూ ఎరగను. ఆఖరికి ఆయనే అడిగాడు.

"ఆవిడే అందా?"

అవునన్నాను.

"మూల సంగతి కూడా?"

అదీ అంది అన్నాను. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అక్క తనని తప్పుపట్టలేదని ఒక చెవితో, ఈ ఇంట్లో గొంతు తప్ప తనకింకే విలువా లేదని అక్క అనుకుందని ఇంకో చెవితో, రెండూ ఒకేసారి విన్నాడు పాపం. తలదించుకుని కూర్చున్నాడు. భుజాలు అదిరాయి. నేను దగ్గరికి వెళ్లబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఇది ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా? రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు కదరా."

ఆయన లేచాడు, ఈసారి నా చెయ్యి అడగలేదు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. కిందికి చేరాక కూతుర్ని పిలిచి, రేపట్నుంచి పొద్దున నువ్వే చదువు అని చెప్పడం నాకు పైకి వినిపించింది.

మర్నాడు ఆరున్నరకి మా మేనకోడలు చదివింది. టైం, వాన, నీళ్లు, బస్సులు చెప్పింది. ఆఖర్న, కాలం చేసినవాళ్లు అని మొదలుపెట్టి, మా అక్క పేరు చదివి, పోయి పంతొమ్మిదేళ్లయిందని, ఇన్నాళ్లూ చెప్పనందుకు మన్నించమని చెప్పింది. దాని గొంతు వణకలేదు. అద్దం ఇవతల నేను గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ రోజంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఒక్కటీ బావ ఎత్తలేదు.

సాయంత్రం భయపడుతూ కిందికి దిగాను. బావ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కోప్పడలేదు. కుర్చీలో కాస్త సర్దుకుని, ఎదురుగా ఉన్న ఇంకో కుర్చీ చూపించాడు.

"కూర్చోండి. భోజనం చేశారా?" అన్నాడు.

నలభై ఏళ్లలో ఆయన నన్ను అండీ అని పిలవలేదు. ఆ రోజు నుంచి అలాగే పిలుస్తున్నాడు.